ఎవరి భద్రతకు ఎవరు పూచీ: నేటి అమెరికా సమాజం

అమెరికా రాజ్యాంగం పౌరుణ్ని ప్రభుత్వం నుంచి కాపాడుతుంది. పక్కింటివాడి నుంచీ, కట్టుకున్నవాడి నుంచీ కాపాడతానని అది ఎక్కడా మాట ఇవ్వలేదు. అక్కడి సుప్రీంకోర్టు ఈ సంగతిని దాపరికం లేకుండా చెప్పింది కూడా. కొలరాడో రాష్ట్రంలోని క్యాసిల్ రాక్ పట్టణంలో 1999 జూన్‌లో ఒక తండ్రి కోర్టు ఉత్తర్వును కాదని తన ముగ్గురు కూతుళ్లను తీసుకుపోయాడు. తల్లి ఆ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా పోలీసులకు ఫోన్ చేస్తూనే ఉంది, స్టేషనుకూ వెళ్లింది. ఉత్తర్వును ఉల్లంఘించినవాణ్ని అరెస్టు చేయాలని కాగితం మీద రాసే ఉంది. అయినా ఎవరూ కదల్లేదు. తెల్లవారుజామున ఆ తండ్రి పోలీస్ స్టేషను దగ్గరికి వచ్చి కాల్పులు జరిపి, ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. అతని బండిలో ముగ్గురు పిల్లల మృతదేహాలు దొరికాయి. తల్లి వేసిన దావాను 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలని అడిగే హక్కును రాజ్యాంగం ఆమెకు ఇవ్వలేదని తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు తేల్చారు. తండ్రి దెబ్బలకు మెదడు శాశ్వతంగా దెబ్బతిన్న విస్కాన్సిన్ బాలుడి కేసులో 1989లో వచ్చిన తీర్పుదీ ఇదే వరస. 2011లో ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కమిషన్ క్యాసిల్ రాక్ తల్లి పక్షాన మాట్లాడింది గానీ, ఆ మాట అమెరికా కోర్టులను కట్టిపడేయదు.

రక్షణ పౌరుడి హక్కు కాదని కోర్టులు చెప్పిన ఈ దేశంలోనే విమానం, కర్మాగారం, మోటారు కారు మునుపటికన్నా ఎంతో క్షేమంగా తయారయ్యాయి. తుపాకీ దగ్గర మాత్రం అదే దేశం తన తోటి సంపన్న దేశాలన్నిటికన్నా వెనకబడింది. ఈ తేడాకు కారణం అమెరికన్ల స్వభావంలో లేదు. ఏ ప్రమాదాన్ని అందరి సమస్యగా తీసుకున్నారు, ఏ ప్రమాదాన్ని ఎవరికి వారే చూసుకోవాలని వదిలేశారు అన్న దాంట్లో ఉంది. ఈ ఉపన్యాసంలో పరిశీలించేది ఆ విభజననే.

1911 మార్చి 25న న్యూయార్కులోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఇటలీ నుంచీ, తూర్పు ఐరోపా నుంచీ వలస వచ్చిన ఆడపిల్లలు. బయటికి పోయే తలుపుకు తాళం వేసి ఉంది. పై అంతస్తుల నుంచి పిల్లలు దూకడాన్ని వీధిలో నిలబడి చూసినవారిలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. 1933లో ఆమె కార్మిక మంత్రి అయ్యారు. అమెరికా మంత్రివర్గంలో తొలి మహిళ ఆమే. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం వెనక ప్రధానమైన చేయి ఆమెది. ముసలితనానికీ, నిరుద్యోగానికీ భయపడనక్కర్లేకపోవడం కూడా భద్రతేనని ఒప్పుకున్న తరం అది. కార్మికుల క్షేమం కోసం ఫెడరల్ చట్టం మాత్రం 1970 దాకా రాలేదు. అప్పట్లో పని చేస్తూ రోజుకు సగటున 38 మంది చనిపోయేవారు. 2023 నాటికి, ఉద్యోగుల సంఖ్య ఎంతో పెరిగినా, ఆ సగటు 15కు దిగింది.

రోడ్డు కథ ఇంకా ఆసక్తికరం. 1960ల దాకా ప్రమాదం జరిగితే తప్పు డ్రైవరుదే. కార్ల కంపెనీలూ, పోలీసులూ, పత్రికలూ ఒకే మాట అనేవి. జాగ్రత్తగా నడపమని గోడల మీద రాయించేవారు తప్ప, గుద్దుకున్నప్పుడు స్టీరింగ్ గొట్టం గుండెల్లోకి ఎందుకు దిగుతోందని అడిగినవారు తక్కువ. 1965లో రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది ఆ ప్రశ్నను పుస్తకంగా రాశాడు. జనరల్ మోటార్స్ అతని వెనక డిటెక్టివులను పెట్టింది. సంగతి బయటపడి, కంపెనీ అధ్యక్షుడు సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 1966లో వాహన భద్రత చట్టం వచ్చింది. దాని అమలుకు పెట్టిన సంస్థకు తొలి అధిపతిగా వచ్చిన విలియం హాడన్ వైద్యుడు. మనిషి తప్పు చేస్తాడు, చేస్తూనే ఉంటాడు. ఆ తప్పుకు ప్రాణం పోకుండా చూడడమే పని అన్నది ఆయన దృష్టి. గుద్దితే ముడుచుకుపోయే స్టీరింగ్ గొట్టం, మెత్తటి డ్యాష్‌బోర్డు, సీటు బెల్టు, తర్వాత ఎయిర్ బ్యాగు ఆ దృష్టి ఫలితాలే. 1966లో వాహనాలు తిరిగిన ప్రతి 10 కోట్ల మైళ్లకు ఐదుగురికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు ఆ లెక్క ఒకటికి కొంచెం పైన ఉంది. డ్రైవర్లు రుషులైపోయి ఇది జరగలేదు.

అయితే ఈ క్షేమం బండి లోపలివారికి దక్కినంతగా బయటివారికి దక్కలేదు. 2009లో వాహనాల కింద పడి చనిపోయిన పాదచారులు సుమారు 4,100 మంది. 2022లో 7,500 దాటారు. అంతకుముందు నాలుగు దశాబ్దాల్లో అంత సంఖ్య లేదు. పికప్పులూ, ఎస్‌యూవీలూ ఏటేటా ఎత్తు పెరిగాయి. ముందు భాగం మీటరు ఎత్తు దాటిన బండి గుద్దితే, పొట్టి కారు గుద్దినదానికన్నా మనిషి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువని బీమా సంస్థలు నడిపే పరిశోధన కేంద్రం 2023లో చెప్పింది. నడిచే మనిషిని లెక్కలో పెట్టుకోకుండా కట్టిన ఊళ్లలో కాలిబాట లేకపోవడం మామూలు సంగతి.

ఇక విమానయానం. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర టీడబ్ల్యూఏ విమానం కొండను గుద్దుకుని 92 మంది మరణించారు. మ్యాపులోని అస్పష్టత వల్ల పైలట్లు ముందుగానే కిందికి దిగారు. అంతకు ఆరు వారాల ముందు వేరే కంపెనీ విమానం అక్కడే ఇదే పొరపాటు చేసి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ కంపెనీ తన పైలట్లను హెచ్చరించుకుంది, పక్క కంపెనీకి చెప్పే దారి అప్పటికి లేదు. దీని తర్వాత 1976లో, తప్పు చేసిన పైలటే స్వయంగా రాసి పంపే నివేదికల ఏర్పాటు మొదలైంది. నివేదికలు వెళ్లేది శిక్షించే శాఖకు కాదు, నాసాకు. రాసినవారి పేరు బయటికి రాదు. 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర 50 మందిని బలిగొన్న ప్రమాదం తర్వాత పైలట్ల విశ్రాంతి, అనుభవం నియమాలను మళ్లీ బిగించారు. అక్కణ్నుంచి 2025 జనవరి 29న వాషింగ్టన్ ఆకాశంలో విమానం, సైనిక హెలికాప్టరు ఢీకొని 67 మంది చనిపోయేదాకా, దాదాపు పదహారేళ్లు, అమెరికా ఎయిర్‌లైన్లలో అంతటి ప్రమాదం జరగలేదు. తప్పు ఒప్పుకున్నవాణ్ని దండించకపోవడం వల్ల ఇన్ని ప్రాణాలు నిలిచిన ఉదాహరణ ఏ రంగంలోనైనా అరుదు.

తుపాకీ దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతులన్నీ చట్టం చేతే ఆగిపోయాయి. 1972లో వినియోగ వస్తువుల భద్రత సంఘాన్ని పెట్టినప్పుడు తుపాకులను దాని పరిధి నుంచి తప్పించారు. పిల్లలు ఆడుకునే బొమ్మ తుపాకీలో లోపం ఉంటే ఆ సంఘం మార్కెట్ నుంచి వెనక్కి రప్పించగలదు. అసలు తుపాకీని మాత్రం తాకలేదు. 1993లో, ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ముప్పు పెరుగుతుందని ఆర్థర్ కెలర్‌మన్ బృందం వైద్య పత్రికలో రాసింది. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది వ్యాధి నియంత్రణ కేంద్రం. 1996లో ఆర్కన్సా సభ్యుడు జే డిక్కీ పేరు మీద కాంగ్రెస్ ఒక నిబంధన పెట్టి, తుపాకీ నియంత్రణను ప్రోత్సహించే పనికి ఆ కేంద్రం పైసా ఖర్చు పెట్టరాదంది. పరిశోధనను అది సూటిగా నిషేధించలేదు. కానీ అధికారులు ఎందుకొచ్చిన గొడవని దాదాపు మొత్తం మానేశారు. డిక్కీ తర్వాత తన పనికి చింతించాడు. ఒకప్పుడు తాను ఎదిరించిన శాస్త్రవేత్త మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి 2012లో, పరిశోధన జరగాలని పత్రికలో రాశాడు. ప్రభుత్వ నిధులు మళ్లీ రావడానికి 2019 డిసెంబరు దాకా పట్టింది, అదీ 2.5 కోట్ల డాలర్లు. ఈలోగా 2005లో, నేరానికి వాడిన తుపాకీ తయారుచేసినవారి మీద దావాలు వేయడానికి చాలావరకు వీల్లేకుండా మరో చట్టం వచ్చింది. నాడర్ కాలంలో కార్ల కంపెనీలకు ఇలాంటి కవచం దొరికి ఉంటే స్టీరింగ్ గొట్టాలు ఇంకా అలాగే ఉండేవేమో.

దీనికి తోడు కోర్టు తీర్పులు. 1791 నాటి రెండో సవరణ ఇంట్లో ఆత్మరక్షణకు చేతి తుపాకీ ఉంచుకునే వ్యక్తిగత హక్కును ఇస్తోందని సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తేల్చింది. 2022లో బ్రూయన్ కేసులో ఆ హక్కును వీధిలోకీ పొడిగించింది. క్యాసిల్ రాక్ తీర్పు పక్కన వీటిని పెట్టి చదివితే న్యాయపరమైన చిత్రం పూర్తవుతుంది. కాపాడమని పోలీసులను నిలదీసే హక్కు లేదు, తనను తాను కాపాడుకునే ఆయుధానికి మాత్రం హక్కుంది. 2017 నాటికి అమెరికన్ల చేతుల్లో 39 కోట్లకు పైగా తుపాకులు ఉన్నాయని స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా కట్టింది. దేశ జనాభా అప్పటికి 33 కోట్లు కూడా లేదు.

ఇన్ని తుపాకులు ఎవరిని చంపుతున్నాయన్న దగ్గర పత్రికలు చూపే బొమ్మకూ, లెక్కలకూ పొంతన లేదు. 2023లో తుపాకులతో 46,728 మంది చనిపోయారు. అందులో హత్యలు సుమారు 17,900. ఆత్మహత్యలు సుమారు 27,300. దొంగ కోసం కొన్న తుపాకీ దొంగ కన్నా చాలా ముందు, నిస్పృహలో ఉన్న ఇంటిమనిషి చేతికి వస్తోంది. కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లకు పైగా జనాన్ని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చేతి తుపాకీ ఉన్న మగవారు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం, లేనివారితో పోలిస్తే ఎనిమిది రెట్లు. ఆడవారిలో ముప్ఫై అయిదు రెట్లు. ఆత్మహత్య ప్రయత్నం నుంచి బయటపడినవారిలో అత్యధికులు ఆ తర్వాత బతికే ఉంటారు, ఆ మార్గంలో చనిపోరు. ఆ ఒక్క గడియ దాటించడమే ప్రాణం. తుపాకీ చేతిలో ఉంటే ఆ గడియ దాటదు. బడుల్లో జరిగిన ఊచకోతలు దేశాన్ని కదిలించాయి. 2012లో శాండీ హుక్‌లో 20 మంది చిన్న పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. 2022లో యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అక్కడ దాదాపు 400 మంది సాయుధ పోలీసులు గంటకు పైగా బయటే ఆగిపోయారు. తలుపు వేసి, దీపాలార్పి, మూల కూర్చునే డ్రిల్లు ఇప్పుడు బడి పిల్లలకు మామూలు పాఠం. కానీ మరణాల మొత్తంలో ఈ సంఘటనల పాలు చాలా చిన్నది.

భయానికీ వాస్తవానికీ మధ్య ఇలాంటి ఎడమే నేరాల విషయంలోనూ ఉంది. అమెరికాలో హింసాత్మక నేరాలు 1991 ప్రాంతంలో శిఖరానికి చేరి, తర్వాత రెండు దశాబ్దాలకు పైగా తగ్గుతూ వచ్చాయి. న్యూయార్కులో 1990లో 2,245 హత్యలు జరిగితే 2017లో 292 జరిగాయి. 2020లో దేశవ్యాప్తంగా హత్యలు ఒక్కసారిగా దాదాపు 30 శాతం పెరిగాయి గానీ 2022 నుంచి మళ్లీ వేగంగా దిగాయి. ఇంత తగ్గుతున్నా, గ్యాలప్ సంస్థ అడిగిన ప్రతిసారీ దాదాపుగా, దేశంలో నేరాలు నిరుటికన్నా పెరిగాయన్నవారే ఎక్కువ. తమ పేటలో ఎలా ఉందంటే అంతమంది ఆ మాట అనరు. భయం టీవీలోంచి వస్తోంది, వీధిలోంచి కాదు. ఈ భయం మీద రాజకీయాలూ నడిచాయి, విధానాలూ నడిచాయి. 2011లో న్యూయార్కు పోలీసులు దాదాపు 6,85,000 సార్లు జనాన్ని వీధిలో ఆపి ప్రశ్నించారు. ఆపినవారిలో అత్యధికులు నల్లవారు, లాటినోలు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది దగ్గర పట్టుకోదగ్గ తప్పేమీ దొరకలేదు. 2013లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమంది. ఆపడం తగ్గిపోయింది, నేరాలు పెరుగుతాయని బెదిరించినవారి జోస్యం మాత్రం ఫలించలేదు.

2001 సెప్టెంబరు 11న 2,977 మంది చనిపోయాక వచ్చిన ఏర్పాట్లలో కొన్ని అవసరమైనవి, కొన్ని కంటితుడుపువి. బూట్లలో బాంబు పెట్టుకున్నవాడు ఆ డిసెంబరులో పట్టుబడ్డాడు. 2006 నుంచి ప్రయాణికులంతా బూట్లు విప్పారు. 2025 జూలైలో ఆ నియమం పోయింది. 2015లో ప్రభుత్వ పరీక్షకులే మారువేషంలో ఆయుధాలతో వెళ్తే, 70 పరీక్షల్లో 67 సార్లు తనిఖీవారు పట్టుకోలేకపోయారన్న వార్త బయటికి వచ్చింది. బ్రూస్ ష్నయర్ లాంటి నిపుణుల మాట సూటిగా ఉంటుంది. కాక్‌పిట్ తలుపును బలపరచడం, ప్రయాణికులు తిరగబడాలని నేర్చుకోవడం అసలు మేలు చేశాయి. తక్కిన వాటిలో చాలావరకు ప్రదర్శన. ఇంకో దెబ్బ ఎవరి కంటా పడలేదు. విమానానికి భయపడి జనం కార్లెక్కారు. ఆ తర్వాతి ఏడాదిలో దీనివల్ల రోడ్ల మీద అదనంగా 1,500 మంది దాకా చనిపోయి ఉంటారని మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్క కట్టాడు. హైజాకైన నాలుగు విమానాల్లోని ప్రయాణికులందరికన్నా ఇది కొన్ని రెట్లు ఎక్కువ.

భద్రతను ఎవరికి వారే చూసుకోవాలనే సమాజంలో, తెలియని మనిషి కనబడితే ముందు పుట్టేది అనుమానం. 1992లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో, పార్టీ జరిగే ఇల్లనుకుని వేరే తలుపు కొట్టిన పదహారేళ్ల జపాన్ విద్యార్థిని ఇంటి యజమాని కాల్చి చంపాడు. క్రిమినల్ కోర్టు యజమానిని నిర్దోషి అంది. 2015లో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన పెద్దాయన ఉదయం కాలిబాటన నడుస్తుంటే, ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడని పొరుగువారొకరు పోలీసులకు ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాని ఆయన్ను ఒక పోలీసు నేలకేసి కొడితే శరీరం పాక్షికంగా చచ్చుబడింది. వీధి గురించి 1961లో రాసిన జేన్ జేకబ్స్, దుకాణాలూ, అరుగులూ, నడిచే జనమూ ఉన్న వీధిని ఆ జనం చూపులే కాపాడతాయని చెప్పింది. ఎవరూ నడవని పేటల్లో, తలుపు మీద కెమెరా పెట్టుకున్న ఇళ్ల మధ్య, నడిచే మనిషే అనుమానితుడు. ఈ రెండు రకాల చూపులూ ఒకటి కావు.

తెలుగువారికి ఈ విషయాలు దూరపు ముచ్చట్లు కావు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో, పని ముగించుకుని బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒకడు తన దేశం వదిలి పొమ్మని అరిచి కాల్చాడు, ఒకరు చనిపోయారు. అడ్డుపడబోయిన తెల్లజాతి యువకుడికీ తూటాలు తగిలాయి. హంతకుడికి యావజ్జీవం పడింది. 2023 జనవరిలో సియాటిల్‌లో, ఆదోని నుంచి చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయి రోడ్డు దాటే గీతల మీద ఉండగా పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 40 కిలోమీటర్లకు మించరాని వీధిలో ఆ కారు దాదాపు 119 కిలోమీటర్ల వేగంతో వచ్చింది. నడిపినవారి మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆమె ప్రాణానికి విలువ తక్కువన్నట్టు ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడి రికార్డైన మరో అధికారి ఉద్యోగం మాత్రం 2024లో పోయింది. మొదటి సంఘటన ద్వేషం, రెండోది వేగం. తెలుగిళ్లలో ఎక్కువ చర్చ జరిగేది మొదటి రకం మీద.

అసలు ముప్పు ఉన్న చోటు వేరు. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవారు సెమిస్టరు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అనుమతి లేకుండా బయట పనిచేయనే కూడదు. అప్పు తీర్చాలన్న తొందరలో కొందరు రాత్రిపూట పెట్రోలు బంకుల్లో, చిల్లర దుకాణాల్లో చేరతారు. దోపిడీలకు పేరుపడ్డ పనిచోట్లు అవే. పైగా చేస్తున్నది నియమ విరుద్ధం కాబట్టి, బెదిరింపు వచ్చినా పోలీసుల దగ్గరికి పోవడానికి జంకు. అక్కడి హైవేకు అలవాటుపడకముందే చేసే రాత్రి ప్రయాణాలూ, ఈత రాకుండా జలపాతాల్లో, సరస్సుల్లో దిగడమూ దీనికి తోడు. ఒంటరితనం, ఉద్యోగం దొరకని దిగులు మరో కనబడని ముప్పు. అలాంటి వేళ మాట్లాడి సాయపడేందుకు 2022 జూలై నుంచి 988 అనే మూడంకెల నంబరు దేశమంతటా పనిచేస్తోంది; అత్యవసర నంబరు 911 తెలిసినంతగా ఇది మన పిల్లలకు తెలియదు.

తుపాకీ మరణాల రేటు మిసిసిపీలో మసాచుసెట్స్ కన్నా ఏడెనిమిది రెట్లు ఎక్కువ. రెండు రాష్ట్రాలకూ రాజ్యాంగం ఒకటే, రెండో సవరణ ఒకటే. లైసెన్సు, తాళం వేసి దాచడం లాంటి చట్టాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి; పేదరికం, తుపాకులున్న ఇళ్ల సంఖ్య కూడా మారతాయి. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు యూనివర్సిటీ ర్యాంకుతో పాటు ఈ వివరమూ చూడాలి. ప్రమాదంలో పోయినవారిని స్వదేశం చేర్చడంలో తానా లాంటి తెలుగు సంఘాలకు ఏళ్ల అనుభవం ఉంది, అందులో వారి సేవ గొప్పది. విద్యార్థి దిగిన మొదటి వారంలోనే రాత్రి షిఫ్టు, హైవే, నీళ్లు, 911, 988 గురించి కూర్చోబెట్టి చెప్పే పనిని కూడా ప్రతి ఊళ్లోని తెలుగు సంఘం అంతే పట్టుదలతో తలకెత్తుకోవాలి.